చాప మీద చోటు

ఆదివారం పొద్దున తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రైలు కట్ట పక్క ఊళ్ళలో ఏ గుడికి వెళ్ళినా ముందు కనిపించేవి గుమ్మం బయట విడిచిన చెప్పులు. ఈ ప్రాంతంలో చాలామంది క్రైస్తవులు చర్చిని గుడి అనే అంటారు, నేనూ ఆ మాటే వాడతాను. లోపల మనిషి నడిచేంత దారి మధ్యలో వదిలి, అటూ ఇటూ జంపకానాలు పరిచి ఉంటాయి. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు, ముందు పిల్లలు. గోడ వారగా రెండు మూడు బల్లలు, వాటి మీద మోకాళ్ళు వంగని ముసలివాళ్ళు. ఈమధ్య ఆ బల్లల పక్కన ప్లాస్టిక్ కుర్చీలు చేరాయి. కొన్ని గుళ్ళలో జంపకానాలు చుట్టి మూలన పెట్టి, హాలంతా కుర్చీలే వేస్తున్నారు. పట్నాల్లో పెద్ద గుళ్ళకు చెక్క బల్లలు ఎప్పటినుంచో ఉన్నాయి. చూడటానికి ఇది సామాన్ల మార్పు. నాలుగు డబ్బులు చేరాయి, సౌకర్యం పెరిగింది, అంతే కదా అనిపిస్తుంది. కానీ గుడిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న ప్రశ్నకు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో తగాదాలున్నాయి, అద్దెలున్నాయి, నడిమి గోడలున్నాయి, ఆ గోడలు కూల్చిన రోజులూ ఉన్నాయి. అది తెలిసి చూస్తే మన పల్లె గుళ్ళలో పరిచిన చాప విలువ తెలుస్తుంది. ఏ చోటూ ఎవరి సొత్తూ కాకుండా చూసింది ఆ చాప. కుర్చీలు వచ్చినా ఆ పని ఆగకూడదన్నదే నా వాదన.

చర్చి అనగానే మన కళ్ళ ముందు వరసగా వేసిన బల్లలు మెదులుతాయి, సినిమాల పుణ్యమా అని. ఇంగ్లండులో, వేల్సులో కూడా మొదట్లో బల్లలు లేవు. మధ్యయుగాల్లో అక్కడి ఊరి చర్చిలో నేల ఖాళీగా ఉండేది. జనం నిలబడేవాళ్ళు, మోకరించేవాళ్ళు, అటూ ఇటూ కదిలేవాళ్ళు. గోడల వెంట రాతి అరుగు ఉంటే నిలబడలేనివాళ్ళు దాని మీద చేరగిలబడేవాళ్ళు. మన గుళ్ళలో గోడ వారన వేసిన బల్ల చేసే పనే అది. 13వ శతాబ్దం నుంచి అక్కడక్కడా బల్లలు కనిపిస్తాయి, 15వ శతాబ్దానికి బాగా పెరిగాయి. 16వ శతాబ్దంలో మత సంస్కరణ వచ్చి, ఆరాధనలో ప్రసంగానికి పెద్దపీట పడింది. అంతసేపు వినాలంటే కూర్చోక తప్పదు. అక్కడిదాకా తప్పేమీ లేదు. అయితే ఖాళీ నేలకు లేని ముందూ వెనకా బల్లకు ఉంటాయి. ముందు ఎవరు, వెనక ఎవరు అన్న ప్రశ్న రాగానే చర్చి వార్డెన్లు ఊరివాళ్ళ అంతస్తును బట్టి చోట్లు పంచడం మొదలుపెట్టారు. 17, 18 శతాబ్దాల్లో కలిగిన కుటుంబాలు తమ బల్లల చుట్టూ ఎత్తయిన చెక్క గోడలు కట్టించుకుని, వాటికి తలుపులు పెట్టుకున్నాయి. ఊరి దొర కూర్చునే గదిలో చలి కాచుకోడానికి పొయ్యి కూడా ఉండేది. దేవుడి ఇంట్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో చిన్న ఇల్లు వెలిసింది.

ఆ రోజుల్ని పటం గీసినట్టు చూపించే పుస్తకం ఒకటుంది. వేల్సు సరిహద్దుకు దగ్గరగా, ష్రాప్‌షైర్‌లో మిడిల్ అనే చిన్న ఊరు. 1700 ప్రాంతంలో రిచర్డ్ గఫ్ అనే వృద్ధుడు ఆ ఊరి చరిత్ర రాశాడు. రాజుల వరసలోనో, ఏళ్ళ వరసలోనో రాయలేదు. చర్చిలో బల్లలు ఎలా ఉన్నాయో ముందు గీసి, ఒక్కో బల్ల దగ్గర ఆగి, అక్కడ కూర్చునే కుటుంబం కథ చెప్పుకుంటూ పోయాడు. ఎవరు తాగి చెడ్డారు, ఎవరు అప్పులపాలయ్యారు, ఎవరి కూతురు ఎవరిని చేసుకుంది, అంతా బల్లల వరసలోనే. ముందు బల్లలు పెద్ద భూములున్నవాళ్ళవి, వాటి వెనక రైతులవి, అన్నిటికంటే వెనక గుడిసెల్లో కాపురముండే కూలివాళ్ళవి. ఆ చోటు మనిషిది కాదు, ఇంటిదీ పొలానిదీ. పొలం చేతులు మారితే బల్ల కూడా మారేది. తెలుగు పాఠకులకు ఇదేమీ వింత కాదు. మన డెల్టా ఊళ్ళో ఇళ్ళ వరస గీసినా అదే కథ వస్తుంది. ఊరి నడుమ ఎవరి మేడలు, కాలవ గట్టున ఎవరి ఇళ్ళు, పొలిమేరలో ఎవరి పల్లె అన్నది చూస్తే భూమి ఎవరి చేతుల్లో ఉందో చెప్పేయొచ్చు. గఫ్ ఊళ్ళో ఆ పటం చర్చి లోపల ఉంది. మన ఊళ్ళో వీధుల్లో ఉంది.

ఇంగ్లండులో తర్వాత చోటుకు అద్దె వచ్చింది. ఏడాదికి ఇంతని కట్టినవాళ్ళకు ఖాయమైన బల్ల, కట్టలేనివాళ్ళకు వెనకనో పక్కనో మిగిలిన చోటు. పారిశ్రామిక పట్నాల్లో జనం పెరిగి, చర్చిలు చాలక, 1818లో బ్రిటిష్ పార్లమెంటు కొత్త చర్చిల కోసం 10 లక్షల పౌండ్లు ఇచ్చింది. వాటిలో పేదలకు ఉచితంగా కొన్ని చోట్లు ఉంచాలన్నది ఆ ఏర్పాటులో ఒక భాగం. అంటే మిగతావి ఉచితం కాదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. 1851 మార్చి 30, ఆదివారం నాడు ఇంగ్లండు, వేల్సుల్లో ఆరాధనకు వచ్చినవాళ్ళను లెక్కపెట్టారు. ఆ లెక్కల కాగితంలో ఉచిత చోట్లు ఎన్ని, కేటాయించిన చోట్లు ఎన్ని అని విడివిడిగా అడిగారు. ఆ లెక్కలకు నివేదిక రాసిన హొరేస్ మాన్, కూలి జనం చర్చికి దూరమవడానికి కారణాలు చెబుతూ ఈ సొంత బల్లల పద్ధతిని కూడా ఎత్తిచూపాడు. అప్పటికే కేంబ్రిడ్జిలో 1839లో పుట్టిన కామ్డెన్ సొసైటీ, అందులో ముఖ్యుడైన జాన్ మేసన్ నీల్, పెట్టెల్లాంటి ఈ బల్లల్ని పీకేయాలని గట్టిగా రాస్తున్నారు. వేల్సులో చాలామంది ఊరి చర్చి వదిలి స్వతంత్ర చాపెళ్ళకు వెళ్ళారు కానీ, అక్కడా బల్లలకు అద్దె ఉండేది. ప్రసంగ వేదిక కింద సంఘపెద్దలు కూర్చోడానికి వేరే చోటు, దాని పేరే వేల్సు భాషలో ‘పెద్ద పీట’ అని. బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయం మొదట్లోనే, ఉంగరాలు పెట్టుకుని వచ్చినవాడికి మంచి చోటు చూపించి మాసిన బట్టలవాడిని కాళ్ళ దగ్గర కూర్చోమనే సంఘాన్ని తప్పుపట్టింది. ఆ పత్రికను అన్ని వందల ఏళ్ళు చదివిన చర్చిల్లోనే ఇదంతా జరిగింది.

మన దేశానికి ప్రొటెస్టెంటు మతం వచ్చిన తొలిరోజుల్లోనే ఈ సమస్యా దిగింది. తరంగంబాడిలో లూథరన్ మిషనరీలు 1718లో కట్టిన న్యూ జెరూసలేం చర్చిలో శూద్ర క్రైస్తవులు ఒక వైపు, అంటరాని కులాల క్రైస్తవులు మరో వైపు కూర్చునేవాళ్ళు. నాలుగు తరాలు అలాగే నడిచింది. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, సంఘంలో కులభేదాలు ఇక ఉండటానికి వీల్లేదని ఉత్తరం రాసేసరికి తంజావూరు, వేపేరి సంఘాల్లో పెద్ద గొడవ అయింది. చాలామంది లేచి వెళ్ళిపోయారు. కథోలికుల వైపు ఇంతకంటే కళ్ళకు కట్టే ఉదాహరణ తిరునల్వేలి సీమలోని వడక్కన్‌కుళం. అక్కడ 1870ల్లో కట్టిన గుడికి రెండు కాళ్ళున్నాయి. ఒక కాలులో ఒక కులం, రెండో కాలులో మిగతా కులాలు, రెండూ కలిసే చోట బలిపీఠం. పాదిరి గారు అందరికీ కనిపించేవారు, ఇటువాళ్ళు అటువాళ్ళకు కనిపించేవారు కాదు. జనం దాన్ని ప్యాంటు గుడి అన్నారు. 1910లో నడిమి గోడ పడగొట్టారు. ఇంగ్లండువాడు చెక్కతో చేసిన పనిని ఇక్కడ ఇటుకా సున్నంతో చేశారు.

ఇక మన గుంటూరు సీమ. 1842 జులై 31న అమెరికన్ లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టాడు. జనం ఫాదర్ హయ్యర్ అంటారు. అప్పటి కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆయనకు అండగా నిలిచాడు. తెనాలి, రేపల్లె వైపు లూథరన్లు విస్తరించారు. ఒంగోలు, బాపట్ల వైపు అమెరికన్ బాప్టిస్టులు. మొదటి పాతికేళ్ళు చేరినవాళ్ళు తక్కువే. 1866లో తాళ్ళకొండపాడు మాదిగ యెర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాక గాలి మారింది. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరకు మొదట్లోనే పరీక్ష ఎదురైంది. మాదిగల్ని చేర్చుకోకుండా ఉంటే మేం వస్తామని పై కులాలవాళ్ళు కబురు పెట్టారు. ఆయన, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకటే భాగం దొరికిందని ఆయన తర్వాత రాసుకున్నాడు. లోకం లెక్కచేయనివాళ్ళను దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పే కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం అది. మాదిగల్నే చేర్చుకున్నారు. 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు పనులు నడిచినంత కాలం, గంజి కోసం మతం మారారన్న మాట రాకూడదని బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంతమందికి బల్లలు ఎక్కడ తెస్తారు? చెట్ల కింద, తాటాకు పందిళ్ళలో, మట్టి గోడల గుళ్ళలో నేల మీదే కూర్చున్నారు. చాలా పల్లెల్లో గుడి అంటే వారం రోజులూ బడి, ఆదివారం గుడి. పంతులు గారే ఉపదేశి. పలక పట్టుకున్న పిల్లలకూ, కీర్తన పాడే పెద్దలకూ అదే చాప.

ఆ చాప ఏం చేసిందో తెలియాలంటే, ఆ గుమ్మం బయట కూర్చోవడానికి ఉన్న కట్టుబాట్లు గుర్తుకు తెచ్చుకోవాలి. పల్లెలో మనిషి తన ఇంటి ముందు తన నులకమంచం మీద కూర్చున్నా, ఊళ్ళో పెద్ద కులపాయన అటుగా వస్తే లేచి నిలబడాలి. రచ్చబండ మీద చోటు లేదు. ఆసామి అరుగు కింద నేల మీద గొంతుక్కూర్చోవాలి. టీ కొట్టు బల్ల ఒకరికి, దాని పక్క నేల ఒకరికి, గ్లాసు వేరే. కూర్చోవడం ఒక చట్టం లాంటిది, కాగితం మీద రాయని చట్టం. అది ఎప్పటి మాటో అనుకోకండి. 1991 ఆగస్టు 6న తెనాలికి దగ్గరలోని చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అంతకు ముందు నెలలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు, ముందు సీట్లో ఉన్న అగ్రకుల యువకుడికి తగలడం దగ్గర రేగిన గొడవ అక్కడిదాకా పోయింది. టిక్కెట్టు కొనుక్కున్న సీట్లో కూర్చున్నా కాలు ఎక్కడ పెట్టావని అడిగే సీమ ఇది. అలాంటి చోట, నూట యాభై ఏళ్ళ కిందటే, ఎవరు వచ్చినా లేవక్కర్లేని, ఎవరి పక్కనైనా కూర్చోగలిగిన ఒక గది పల్లెలో వెలిసింది. ముందొచ్చినవాడు ముందు కూర్చుంటాడు. ఇంకొకరు వస్తే కాస్త జరిగి చోటిస్తారు. బల్ల మీద ఐదుగురు పడతారంటే ఆరోవాడికి చోటుండదు. చాప మీద జరిగితే చోటుంటుంది. దీన్ని కొలిచే లెక్కలేవీ లేకపోయినా, కూర్చోవడం మీద ఇన్ని ఆంక్షలున్న మనిషికి ఇది చిన్న మార్పు కాదని నా నమ్మకం.

దీనికి వెంటనే వచ్చే మాట, అదంతా పేదరికం వల్లే కదా, గత్యంతరం లేక నేల మీద కూర్చుంటే దానికి ఇంత తాత్పర్యం తీయాలా అని. మాటలో నిజం ఉంది. చేతిలో డబ్బుంటే చాలా సంఘాలు మొదటే బల్లలు చేయించుకునేవి. కానీ నేలను కోరి ఎంచుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇండియన్ సివిల్ సర్వీసులో ఉద్యోగం చేసిన ఫ్రెడరిక్ టక్కర్ ఆ కొలువు వదిలేసి, 1882లో సాల్వేషన్ ఆర్మీని బొంబాయికి తెచ్చాడు. కుర్చీలో కూర్చుని మిగతావాళ్ళను నిలబెట్టే హక్కు ఉన్న మనిషి. కాషాయం కట్టి, చెప్పులు లేకుండా నడిచి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకుని, జనంతో పాటు నేల మీద కూర్చున్నాడు. ఆ సంస్థే బాపట్ల వైపూ వచ్చి ఆస్పత్రి పెట్టింది, బాపట్లకు దగ్గరలోని స్టూవర్టుపురం సెటిల్‌మెంటు నడిపింది. సాల్వేషన్ ఆర్మీ హాళ్ళలో ముందు ఒక బల్ల ఉంటుంది. అది కూర్చోడానికి కాదు. పశ్చాత్తాపపడినవాళ్ళు దాని ముందు మోకరించి ప్రార్థన చేసుకుంటారు. మా ఆరాధన తీరు కూడా నేలకే సరిపోయింది. పురుషోత్తమ చౌదరి కాలం నుంచి వస్తున్న కీర్తనలు తాళాలతో, డోలక్‌తో, గుండ్రంగా చేరి పాడుకునేవి. భజన మేళం బల్లల వరసల్లో ఇమడదు. మోకాళ్ళూనాలంటే నేల మీద నుంచి అలా ఒరిగితే చాలు. కన్వెన్షన్లకు ఇప్పటికీ పొలంలో వరిగడ్డి పరిచి, దాని మీద బరకాలు వేస్తే వేలమంది కూర్చుంటున్నారు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైంది. దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. టక్కరు దొర నేల మీద కూర్చుంటే త్యాగం, తరతరాలుగా నేల మీదే కూర్చోబెట్టినవాడికి అందులో గొప్పేముంది? కుర్చీ కోసమే కదా పోరాటం, మళ్ళీ చాప గొప్పదని మాకు చెబుతారా, అని దళిత మిత్రులు అడిగితే ఆ ప్రశ్నకు తల వంచాలి. ఆఫీసులో, పంచాయతీలో, పెళ్ళి పందిట్లో కుర్చీ వదులుకోమని ఎవరినీ అనే హక్కు ఎవరికీ లేదు. దళిత సర్పంచిని నేల మీద కూర్చోబెట్టిన పంచాయతీల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కానీ గమనించండి. అవమానం నేలలో లేదు, నేల మీద కూర్చున్నవాడి ఎదురుగా కుర్చీలో కూర్చున్నవాడి దగ్గర ఉంది. అందరూ కింద కూర్చుంటే నేలకు ఏ అంతస్తూ లేదు. ఒక్కడు పైన కూర్చుంటే ఉంది. మసీదులో వరసల్లో భుజం భుజం కలిపి నిలబడేవాళ్ళను చూసి ఎవరూ జాలిపడరు. అలాగే అందరికీ కుర్చీలేసినా, ముందు వరసలో మూడు సోఫాలు వేస్తే ఆ కుర్చీలన్నీ మళ్ళీ నేల అయిపోతాయి. కాబట్టి చాపా కుర్చీనా అన్నది అసలు ప్రశ్న కాదని ఒప్పుకుంటాను. ఒకే ఎత్తులో కూర్చున్నామా, చోటు ఎవరైనా తీసుకోవచ్చా అన్నదే చూడాలి. ఈ రెండూ చాప దానంతట అదే చూసుకుంటుంది. కుర్చీకి ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని చూడాలి.

మూడో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. చాప మీద సమానత్వం అంటున్నారు, ఆ చాప మీద ఉన్నవాళ్ళంతా ఒకే కులం వాళ్ళు కదా? గుంటూరు జిల్లాలో లూథరన్ సంఘాల్లో ఎక్కువమంది మాలలు, బాప్టిస్టు సంఘాల్లో ఎక్కువమంది మాదిగలు. మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి ఉన్న ఊళ్ళు లెక్కలేనన్ని. పేరుకు మిషన్లు వేరు, తీరు వేరు. నడవడానికి ఐదు నిమిషాలు పట్టని ఆ రెండు గుళ్ళ మధ్య పెళ్ళిళ్ళు అరుదు. వడక్కన్‌కుళం గుడిలో నడిమి గోడ కనిపించింది కాబట్టి పడగొట్టగలిగారు. మన దగ్గర అది రోడ్డు రూపంలో ఉంది, రోడ్డును ఎవరు పడగొడతారు? ఇది నిజం, దీనికి నా దగ్గర తేలిక సమాధానం లేదు. చెప్పగలిగింది ఒక్కటే. చాప గుడి లోపలి వరకే పనిచేసింది, గుమ్మం దాటి పోలేకపోయింది. అంతమాత్రాన లోపల జరిగింది అబద్ధం అయిపోదు. తెలుగులో బల్ల అనే మాటకు ఇంకో అర్థం ఉంది. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సంస్కారాన్ని ప్రభువు బల్ల అంటారు. ఫలానా ఆదివారం బల్ల ఉందంటే అర్థం అదే. కూర్చునే బల్లకు వరసలుంటాయి, ఆ బల్లకు ఉండవు. రెండు పల్లెల గుళ్ళు ఏడాదికి ఒకసారైనా ఒకే బల్లకు కలిస్తే, చాప చేయలేని పని అది చేస్తుంది.

ఆడవాళ్ళూ మగవాళ్ళూ విడిగా కూర్చోవడం సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దీన్ని మన దేశపు అలవాటు అనుకుంటాం. ఇంగ్లండు చర్చిల్లోనూ చాలాకాలం అలాగే కూర్చునేవాళ్ళు. కుటుంబానికో బల్ల వచ్చాక భార్యాభర్తలు పక్కపక్కన చేరారు. మన పట్నం గుళ్ళలో బల్లలు వచ్చి చాలా ఏళ్ళయినా ఇప్పటికీ చాలాచోట్ల అటు వాళ్ళు, ఇటు వీళ్ళు. అంటే సామాను ఒక్కటే అలవాట్లను మార్చదు. చాపకు మంత్రశక్తి ఉందని నేను అనడం లేదనడానికి ఇదే సాక్ష్యం.

ఇక ప్లాస్టిక్ కుర్చీ. దానికి రావాల్సిన మర్యాద ఇవ్వాలి. నాట్లూ కలుపులూ కోతలూ చేసి మోకాళ్ళు అరిగిపోయిన ఆడవాళ్ళు అరవై ఏళ్ళకు నేల మీద నుంచి లేవలేక గుడికి రావడమే మానేస్తున్నారు. వాళ్ళకు కుర్చీ ఒక దయ. ఇంగ్లండు బల్ల కంటే ఇది చాలా విషయాల్లో మంచిది కూడా. నేలకు దిగ్గొట్టి ఉండదు, ఒకదానిలో ఒకటి ఇరికించి మూలన పెట్టొచ్చు, భోజనాలకు హాలు ఖాళీ చేసుకోవచ్చు. ప్రమాదం కుర్చీతో రాదు, కుర్చీ వీపు మీద రాసే పేరుతో వస్తుంది. దగ్గరికెళ్ళి చూడండి. తెల్లటి కుర్చీ వెనక ఎర్ర పెయింటుతో ‘కీర్తిశేషులు ఫలానా వారి జ్ఞాపకార్థం, కుమారులు’ అని రాసి ఉంటుంది. పైన ఫ్యాను రెక్కల మీదా అదే పేరు తిరుగుతుంటుంది. ఇచ్చినవాళ్ళ మనసు మంచిదే, చనిపోయిన తల్లిదండ్రుల మీద ప్రేమతోనే ఇస్తారు. కానీ ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే లేవమనే రోజు ఎంతో దూరం ఉండదు. ఇంగ్లండు ఊళ్ళలో కథ సరిగ్గా ఇలాగే మొదలైంది. ఫలానా కుటుంబం చేయించిన బల్ల కదా, వాళ్ళనే కూర్చోనిద్దాం అన్నారు. రెండు తరాలకు దానికి తలుపు వచ్చింది. దాన్ని తీయించడానికి సంఘాలూ, వందేళ్ళ వాదనలూ కావలసి వచ్చాయి. పండగ ఆరాధనల్లో ముఖ్య అతిథుల కోసం ముందు వేసే సోఫాలదీ అదే దారి. యాకోబు పత్రిక చదివి వినిపించే వేదిక ఎదురుగా ఆ సోఫా వేయడం ఎలా కుదురుతుందో ఆలోచించాలి.

కొత్త గుళ్ళు కట్టుకుంటున్న సంఘపెద్దలకు, తెనాలిలోనైనా బాపట్లలోనైనా రేపల్లెలోనైనా, నా విన్నపం ఇది. కుర్చీలు కొనండి, ముందు పెద్దవాళ్ళ మోకాళ్ళ లెక్కన కొనండి. ఇచ్చినవాళ్ళ పేర్లు రిజిస్టరులో రాయండి, కుర్చీ వీపు మీద రాయకండి. ఎమ్మెల్యే గారు వచ్చినా ముందు వరస ఎవరికీ ఆపి ఉంచకండి. జంపకానాలు మాత్రం పాత సామాన్లవాడికి వేసేయకండి. పిల్లలూ, కింద కూర్చుని లేవగలిగినవాళ్ళూ, ఆ ఆదివారం ఆరాధన నడిపించే పాస్టరు గారి కుటుంబమూ వాటి మీదే కూర్చుంటారు.